ఏ నీళ్ల చేప?

మా అత్తయ్య పోయిందని పోయిన శనివారం పొద్దున్నే రాజోలు నుంచి తమ్ముడు ఫోను చేశాడు. నాన్నగారి అక్క ఆవిడ, తొంభై దాటిన మనిషి. ముందురోజు మధ్యాహ్నం కూడా కంచంలో తోటకూరని వేలితో కదిపి, ఎవరి పెరట్లోదని అడిగిందట. జవాబు విన్నాకే తిన్నదట. ఆ మాట విని ఏడుస్తూనే నవ్వేశాను.

పంతొమ్మిదివందల డెబ్భైల్లో ఆవిడ మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. పెళ్లైన రెండేళ్లకే భర్త పోతే పుట్టింటికి వచ్చి, మమ్మల్ని పెంచింది. ఆవిడతో బజారుకి వెళ్లడమంటే నాకు ప్రాణసంకటం. కొట్టాయన తెల్లగా మెరిసే బెల్లం చూపిస్తే, ఇంత తెలుపు ఎక్కడినుంచి వచ్చిందండీ అని అడిగి, పక్కనున్న నల్లబెల్లం తూయించుకునేది. గెలంతా ఒకే పసుపులో ఉన్న అరటిపళ్లు ముట్టేది కాదు. చేపలావిడ గంప దించితే మొదట అడిగేది ధర కాదు. "ఏ నీళ్లదండీ ఇది?" అనేది. పిల్లచేపలైతే ఊరికే ఇచ్చినా వద్దనేది. "ఇవాళ వీటిని తినేస్తే వచ్చే ఏడు ఏం తింటావమ్మాయ్?" అని నన్ను అడిగేది, వాటిని నేనే పట్టినట్టు. వీధిలో అందరూ చాదస్తమనేవారు. నేనూ అదే అనుకునేదాన్ని, పైకి అనే ధైర్యం లేక ఊరుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో నా ప్రధానం వచ్చింది. మా క్రైస్తవుల ఇళ్లలో నిశ్చితార్థాన్ని ప్రధానమంటాం. అబ్బాయివాళ్లది కాట్రేనికోన. సముద్రం పక్కనున్నవాళ్లకి చేపల్లో మంచీచెడూ ఒకరు చెప్పాలా? అందుకని కొర్రమీను పులుసు పెట్టి తీరాలని నాన్నగారి పంతం. వేసవి, కాలవలకి నీళ్లు కట్టేసిన రోజులు. వల వేసే ఆయన చెప్పిన వేళకి రాలేదు. నాన్నగారికి కాలు నిలవక, లాకుల దగ్గరికి వెళ్లి ఎవరో అప్పుడే పట్టామన్న రెండు గంపలు తెచ్చేశారు. వంటింట్లో అందరి మొహాలూ విచ్చుకున్నాయి.

అత్తయ్య ఒక చేపని తోక పట్టుకుని ఎత్తింది. అది వేలాడింది. కొర్రమీను సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బిందెలో కాసిని నీళ్లుంటే పూటంతా బతికే చేప అది. మూత మీద బరువు లేకపోతే దూకి వాకిట్లోకి వస్తుంది. అందుకోసమే మా పెరట్లో ఒక నల్లరాయి ఉండేది. అప్పుడే పట్టినవైతే ఇన్నిట్లో ఒక్కటైనా కదలదేం? గంప అడుగున చూస్తే, ఏ వలకీ చిక్కని వేలెడంత చేపపిల్లలు. కాలవ గుంటల్లో మిగిలిన నీళ్లలో ఎవరో చేలకి కొట్టే పురుగుమందు పోశారని అందరికీ అర్థమైపోయింది.

నాన్నగారు గొంతు తగ్గించి బతిమాలారు. "అక్కా, వాళ్లు బయల్దేరిపోయేరు. శుభ్రంగా కడిగి, పులుపు దట్టించి పెడితే ఏం కాదు."

"పిల్లలక్కూడా మనమే ముళ్లు తీసి నోట్లో పెడతాం కదరా," అంది అత్తయ్య. "విషమని తెలిసి ఎలా పెడతాం?"

కాకులూ పిల్లులూ ముట్టకుండా పెరట్లో లోతుగా గొయ్యి తీయించి, రెండు గంపలూ తనే వొంపింది. పట్టుచీర కట్టుకుని నేను గుమ్మంలో నిలబడి, నా పెళ్లి చెడగొట్టడానికే ఉన్నావు నువ్వని అరిచాను. ఆవిడ చేతులు కడుక్కుని, పెరట్లో చెట్టునుంచి లేత పనసకాయలు కోయించి, పొట్టు కొట్టడానికి కత్తి పట్టుకుని కూచుంది.

వడ్డనలో పనసపొట్టు ఆవపెట్టిన కూర, కందాబచ్చలి, మామిడికాయ పప్పు వచ్చాయి. చేప లేదు. అటువైపు బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాన్నగారు తలెత్తలేదు. నేను తలుపు వెనక నిలబడి చూస్తున్నాను. ఏదో ఒక సాకు చెప్పొచ్చు కదా! అత్తయ్య కూర గిన్నెతో తిన్నగా మా మావగారి ముందు నిలబడి, చేపలు తెచ్చామని, అవి మందు పెట్టినవని, పాతిపెట్టేశామని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

ఆయన విస్తరి కొంచెం ముందుకి జరిపారు. "చేప లేకపోతే లేదంటారండీ ఎవరైనా. ఎందుకు లేదో చెప్పినవాళ్లని ఇవాళే చూసేను. ఆ పనసపొట్టు ఇలా రానివ్వండి, చెల్లెమ్మగారూ."

"ఆయ్, వడ్డిస్తానండి," అంది అత్తయ్య.

మర్నాడు నాన్నగారు కాలవ గట్టుకి వెళ్లి వచ్చారు. గుంటల్లో పిల్లచేపలు తెల్లగా తేలాయట. రెండు బాతులు కూడా పడి ఉన్నాయట. వచ్చి అక్క పక్కనే అరుగు మీద కూచున్నారు. నేనైతే క్షమించమని అడగడానికి ఇంకో మూడేళ్లు తీసుకున్నాను. నా మొదటి బిడ్డకి మొదటిసారి చేప పెడుతూ, ముల్లు తీస్తూ ఆగిపోయిన రోజున ఉత్తరం రాశాను. ఈవేళ మా ఇంట్లో ఏది కొన్నా ఎక్కడిదని అడుగుతాం. చాదస్తం అంటారు. అననివ్వండి. ఆవిడ మేనకోడల్ని అనిపించుకోవడం కంటే గొప్ప నాకేముంది?

మొన్న రాజోలులో, మా పుట్టింట్లోనే, ఆవిడ జ్ఞాపకార్థం ప్రార్థనకి ఆదరణ కూటం పెట్టుకున్నాం. భోజనాలకి తమ్ముడు కొర్రమీను తెచ్చాడు. నేను అడిగేలోపే మా ఆయన బిందె మూత తీసి, చూసి, మళ్లీ మూసి ఆ నల్లరాయి పెట్టారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ వంటింట్లో ఆ రాయి కదులుతూనే ఉంది.