నడుమ తెల్లబడ్డ ఐసుగడ్డ

ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు నడుమ తెల్లగా వచ్చాయని, డబ్బాల్లో మురికినీళ్లు పోశాడన్న నింద మా మేనమామ మీద వేశారు. గడ్డలు కట్టించే తొట్టి పని నుంచి తీసి, గడ్డలు నిలవ ఉంచే చలిగదిలో పడేశారు. బజారంతా ఆయన్ని 'మురికినీళ్లాయన' అనసాగింది. ఆ పేరు విన్నాక ఇంకో ఫ్యాక్టరీ ఏదీ పనివ్వలేదు.

చలిగదికి కిటికీ లేదు. తలుపు జానెడు మందం. చల్లదనం పోతుందని మామ లోపలికి వెళ్లగానే మూసేసేవారు; గడ్డలు తీసుకెళ్లే బండి వస్తేనే తీసేవారు. ఇంటికొచ్చాక ఆయన చొక్కా గుండీలు అత్తే విప్పేది. వేళ్లు వంగేవి కావు.

"కొత్త కాపురంలో కూడా ఇంత ముద్దు చెయ్యలేదురా మీ అత్త" అని నవ్వేవాడు.

"చాల్లే, చెయ్యి కదపకండి" అనేది అత్త. ఆవిడ నవ్వేది కాదు.

నేను పాతపుస్తకాల కొట్లో నిలబడి చదువుకునేవాణ్ణి. అసలు సంగతి అక్కడే దొరికింది. మామూలు నీళ్లు గడ్డకట్టే చలికి ఉప్పునీళ్లు గడ్డకట్టవు. అందుకని తొట్టిలో ఉప్పునీళ్లను బాగా చల్లబరిచి, మంచినీళ్ల డబ్బాలను అందులో దించుతారు. డబ్బాలో నీళ్లు అంచుల నుంచి లోపలికి గడ్డకడతాయి. నీళ్లలో కరిగి ఉన్న గాలికి మంచులో చోటు లేదు. నాలుగువైపులా మంచు దగ్గరపడేకొద్దీ అది నడిమికి జరుగుతుంది. చివరికి పోయే దారిలేక సన్నటి బుడగలై ఇరుక్కుంటుంది. ఆ బుడగల మీద వెలుగు పడి చెదరడం వల్లే తెలుపు. నీళ్లెంత శుభ్రమైనవైనా అంతే. గడ్డకట్టేటప్పుడు సన్నగొట్టంతో గాలి ఊది నీళ్లను కదుపుతుంటే బుడగలు నిలవక పైకి పోతాయి, గడ్డ అద్దంలా వస్తుంది. గాలి ఊదే మోటారు ఆ రోజుల్లో చెడిపోయి ఉందని మామే చెప్పాడు.

తాగేనీళ్లు గ్లాసులో పోసి ఫ్రిజ్జులో ఐసు కట్టే పైఅరలో పెట్టాను. నడుమ తెల్లగా గడ్డకట్టింది.

"పద మామా, మీ యజమానికి చూపిద్దాం. మళ్లీ తొట్టి దగ్గరికి పంపిస్తాడు."

"వస్తా గానీ, నువ్వు నోరు విప్పకు అల్లుడూ. నీ మాట వింటే ఉన్నదీ ఊడుతుంది."

మామ సగం చెప్పేసరికే యజమాని చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇది నాకు తెలీదనుకున్నావా? మోటారు బాగుచేయించలేదని కొనేవాళ్లకి నేనే చెప్పుకోవాలా? ఎవరో ఒకర్ని చూపించాలిగా. వెళ్లు, బండొచ్చింది."

మామ గ్లాసు నా చేతికిచ్చి చలిగదిలోకి వెళ్లాడు. వెనక తలుపు పడింది. నిజం చెబితే అన్యాయం ఆగుతుందని పుస్తకాల్లో రాస్తారు. రాసినవాళ్లు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా నిలబడినట్టు లేరు.

చివరిసారి కలిసినప్పుడు, ఆ పని మానెయ్యమని ఆయన ప్రాణం తీశాను. మామ చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

"మానితే ఇంకెవరిస్తారురా పని? యజమానికి నిజం తెలీదనుకున్నన్నాళ్లూ, తెలిసిన రోజున తొట్టి దగ్గరికి పిలుస్తాడులే అని లోపలికెళ్లేవాణ్ణిరా. ఇప్పుడు ఏమనుకుని వెళ్లాలి?"