వేడెక్కేదాకా ఆగాల్సిందే

దోహాలో మేం పనిచేసిన స్కూల్లో ఫిజిక్స్ మేడం వాక్యూమ్ ట్యూబున్న సర్క్యూట్ ఆన్ చేయగానే, చలికి కుంపటి దగ్గర చాపినట్టు రెండు అరచేతులూ ఆ ట్యూబు చుట్టూ పెట్టేవారు. గాజు లోపలి తీగ ఎర్రబడేదాకా ఎవరినీ దేన్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆమెది గోదావరి వైపు. ల్యాబ్ చూసుకునే నాది జగిత్యాల.

ఒకసారి ఎగ్జిబిషన్‌కి మేడం తొలినాటి కంప్యూటర్లలోలాంటి సర్క్యూట్ కట్టారు. వరసగా డయోడ్లు, వాటి చివర ఒక ట్యూబు. వైస్ ప్రిన్సిపాల్ చూసి, గాజు పగిలితే ప్రమాదమని నాతో అన్నారు.

"మేడం, సారు ట్యూబు తీసెయ్యమన్నడు. డయోడ్లు చాలన్నడు," అని చెప్పాను.

"చాలవు తమ్ముడూ, ఇటు చూడు."

డయోడ్ల వరస దాటేసరికి మీటరు ముల్లు సగానికి పడిపోయింది. వేడెక్కిన ట్యూబు కలపగానే మళ్ళీ లేచింది.

"అవునో కాదో డయోడు తేలుస్తుంది. తేల్చిన ప్రతిసారీ కరెంటు కాస్త నీరసపడుద్ది. దానికి మళ్ళీ బలం పోసేది ఈ ట్యూబే. అప్పట్లో రెండూ కలిసే పనిచేశాయి. పిల్లలకి సగం నిజం చూపించమంటే నా వల్ల కాదు. తీయాలంటే ఆయన్నే వచ్చి తీయమను."

ఆయన ఎగ్జిబిషన్ రోజే వచ్చారు, అతిథులను వెంటబెట్టుకుని. ట్యూబు అక్కడే ఉంది. మొహం మాడ్చుకున్నా, వాళ్ళ ముందు తీసెయ్యమనలేక, అక్కడి అరబ్బీ అలవాటుకొద్దీ "యల్లా, తొందరగా కానివ్వండి మేడం," అన్నారు.

మేడం స్విచ్ వేసి, అరచేతులు ట్యూబు చుట్టూ పెట్టారు.

"ఆగండి సార్. ఇంకా వేడెక్కలేదు."

అందరూ ఆగారు. ఆయన కూడా.