ఆయమ్మ అడిగిన పని

ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారు ఆయమ్మను పక్కకు పిలిచి, ఆ మాట ఎంత మెత్తగా చెప్పాలో అంత మెత్తగానే చెప్పారు. అయినా ఆమెకు చెంప ఛెళ్లుమన్నట్టయింది.

"వచ్చే వారం నుంచి పిల్లల క్లాసు టైలరమ్మ చూసుకుంటుందమ్మా. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో."

విశ్రాంతి! వారానికి ఆరు రోజులు ఆసుపత్రి ఆడవాళ్ల వార్డులో దుప్పట్లు మార్చి, లేవలేని వాళ్లను పక్కకు తిప్పి, ఒళ్లు తుడిచే మనిషి ఆమె. ఆ ఏడో రోజు కోసమే బతికేది. నిజమే, ఆమె కథ మొదలుపెడితే పిల్లలు కిటికీలెక్కేవారు. ఒకడు బల్ల కిందికి దూరేవాడు. ఇంకొకతె ముందు కూర్చున్న ఇద్దరి జడలు కలిపి ముడేసేది. ఆయమ్మ గొంతు చించుకుని, సగంలో కథ మరిచిపోయి, ఏడుపు ముఖంతో ప్రార్థన చేసి ముగించేది. క్లాసు చెప్పిన ఆరేళ్లూ అదే వరస. అయినా బోధించడమే దేవుడు తనకిచ్చిన పిలుపని గట్టిగా నమ్మింది.

అన్నిటికన్నా టైలరమ్మ మీద ఒళ్లు మండింది. ఆమెను చర్చికి తీసుకొచ్చిందే తను. మూడేళ్లుగా ఒకే కంచంలో తిన్నంత స్నేహం. ఆ మనిషి క్లాసు తీసుకున్న రెండో వారానికే పిల్లలు కిక్కురుమనకుండా కూర్చుంటున్నారు!

టైలరమ్మ ఫోను చేస్తే ఆయమ్మ ఎత్తలేదు. దారిలో కనిపిస్తే పక్క సందులోకి తిరిగింది. మోకరిస్తే ప్రార్థన రాలేదు, తగువే వచ్చింది. "అడిగింది ఒక్కటే కదా ప్రభువా! అదీ నా స్నేహితురాలి చేతిలోనే పెట్టాలా? నీకింకెవరూ దొరకలేదా?"

నెల తిరక్కుండానే టైలరమ్మ అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చేర్చింది ఆయమ్మ వార్డులోనే. ముసలావిడ ఉత్త మొండిఘటం. పక్కబట్ట మార్చబోయిన ఇద్దరు కొత్త ఆయాలను నానా మాటలూ అని తరిమేసింది.

మంచం పక్కనే నిలబడ్డ టైలరమ్మ వైపు ఆయమ్మ చూడనైనా చూడలేదు. తన చేతులు గోరువెచ్చటి నీళ్లలో ముంచి తుడుచుకుని, ముసలావిడ మీదికి వంగింది.

"పెద్దమ్మా, ఇప్పుడు నీ భుజం కింద చెయ్యి పెడతాను. నొప్పేస్తే నన్ను గిల్లు."

ముసలావిడ గిల్లింది. మొహమాటం లేకుండా గిల్లింది. ఆయమ్మ పళ్లు బిగించి ఆమెను మెల్లగా తిప్పి, బట్ట మార్చి, వీపు తుడిచింది. చివరికి ముసలావిడ, "నువ్వయితే రేపు కూడా రా" అంది.

వరండాలో టైలరమ్మ అడ్డంగా నిలబడింది. "ఎన్నాళ్లక్కా ఈ అలక?"

"నా క్లాసు లాక్కున్నదానివి. నీతో నాకేం మాటలు?"

"నేనడిగానా? పాస్టరు గారే పెట్టారు. వద్దంటే రేపే మానేస్తా."

"మానెయ్! పిల్లలు మళ్లీ గోలపెడితే, అదీ నా మెడకే చుట్టుకుంటుంది."

టైలరమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్లు తడిశాయి. "నీ పాఠాలు విని చర్చికొచ్చాననుకున్నావా? మా అమ్మ ఇక్కడ నలభై రోజులు పడుంది. ఆమె వీపు మీద పుండ్లు నువ్వు కడిగిన తీరు చూశాను. ఈమె నమ్ముకున్న దేవుడెవరో చూద్దామని వచ్చాను."

ఆయమ్మకు ఆ మాట తీపిగా లేదు, చిరాకేసింది. "అంటే నా పిలుపు బెడ్‌పాన్లు కడగడమా?"

అంతలో కొత్త ఆయాలిద్దరూ వచ్చారు. ఇద్దరూ పెళ్లయి పిల్లలున్నవాళ్లే, అయినా బిక్కమొహాలు. "ఆవిణ్ని ఎలా తిప్పావక్కా? మాకూ చూపించవా?"

"ముందు చేతులు కడుక్కురండి" అని కసిరింది. ఒకామెను ఖాళీ మంచం మీద పడుకోబెట్టి, రెండో ఆమె చేత మూడుసార్లు తిప్పించింది. చెప్పేటప్పుడు ఆయమ్మ తడబడలేదు, మాటల కోసం వెతుక్కోలేదు. వాళ్లు రెప్పవేయకుండా విన్నారు. తలుపు దగ్గర నిలబడి చూసిన హెడ్ నర్సు, ఇకనుంచి కొత్తగా చేరిన ప్రతి ఆయానూ ఆమె దగ్గరికే పంపుతానంది.

టైలరమ్మ మీద అలక పోయింది. అత్తగారు ఇంటికెళ్లేదాకా ఇద్దరూ ఆ మంచం పక్కనే కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఆదివారం చర్చిలో పక్క గదిలో పిల్లలు పాడితే మాత్రం ఆయమ్మ గుండె ఇప్పటికీ కలుక్కుమంటుంది. దేవుడితో ఆమె తగువు ఇంకా తెగలేదు.