సెవిల్ గోపురంలో నా వెనక వచ్చిన గుర్రం

దేవుడి మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. ఐర్లండ్‌లో మేముండే కార్క్‌లో నన్నెరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. నవ్వుకోండి. నేను దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. అక్కడి మన తెలుగువాళ్ల విందుల్లో తిరిగే దెయ్యం కథల్లో సగం నేనల్లినవే, ఇక నమ్మడమెలా?

పోయిన వేసవిలో మా కుటుంబం, మా స్నేహితుడు రమణ కుటుంబం కలిసి స్పెయిన్‌లోని సెవిల్ చూడ్డానికి వెళ్లాం. అక్కడి పెద్ద చర్చిని ఆనుకుని హిరాల్డా అనే గంటల గోపురం ఉంది. ఒకప్పుడది మసీదు మీనారు. లోపల మెట్లకు బదులు ఇటుకల వాలుదారి, గోడ వెంట మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. మిగతావాళ్లు నీడన కూర్చుంటే నేనూ, మా అమ్మాయి హారికా ఎక్కాం. దానికి పదిహేనేళ్లు. ఈమధ్య నేనేం చెప్పినా నమ్మడం మానేసింది.

మిట్టమధ్యాహ్నం. సగం దూరం ఎక్కామో లేదో, వెనక డెక్కల చప్పుడు. బయట వీధిలో గుర్రపు బళ్లున్నాయి, అవేననుకున్నాను. కానీ ఆ చప్పుడు మలుపు తిరిగింది. మా వెనకే పైకొచ్చింది.

గోడకు అతుక్కుపోయాను. మెడ మీద వేడి ఊపిరి. తడిసిన తోలు వాసన. దారి మీద ఏమీ లేదు. చప్పుడు మాత్రం మమ్మల్ని దాటుకుని పై మలుపులోకి పోయింది. హారిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కిందికి దిగాక రమణ ఫోన్లో చూసి చదివాడు. పూర్వం నమాజుకు పిలిచే ఆయన గుర్రమెక్కి పైకి వెళ్లేవాడట. అంతకుముందు ఆ సంగతి నాకు తెలియదు. గుర్తుపెట్టుకోండి.

జరిగింది చెప్పాను.

"అన్నా, గుర్రమొక్కటే వచ్చిందా, రౌతు కూడా ఉన్నాడా? పొద్దున్నే ఏమైనా తాగావేంటి?" అన్నాడు రమణ. మా ఆవిడతో సహా అందరూ ఒకటే నవ్వు.

నాకు ఒళ్లు మండిపోయింది. "హారికనడుగు! భయపడి నా చెయ్యి పట్టుకుంది!" అని అరిచాను.

దాని ముఖం ఎర్రబడింది. "డాడ్, స్టాప్! ఐ నెవర్ టచ్డ్ యువర్ హ్యాండ్, లైక్!" అంది కార్క్ యాసలో.

"అది సరే, చప్పుడు విన్నావా లేదా?"

"యూ ఆల్వేస్ డూ దిస్," అని విసవిసా నడిచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చాక కూడా రమణ ఫోనెత్తగానే సకిలిస్తున్నాడు. అబద్ధాలు చెప్పినన్నాళ్లూ "ఇంకోటి చెప్పన్నా" అంటూ బిర్యానీ వడ్డించిన మనుషులు వీళ్లు. ఒక్క నిజం చెబితే ఇదా మర్యాద? మూడు విందులకు పిలిచారు, పోలేదు. పోను.

ఆ గుర్రం ఏమిటో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. ఊపిరి నిజం, వాసన నిజం, డెక్కలు నిజం. హారిక నా చెయ్యి పట్టుకోవడం ఒక్కటే నేను కల్పించింది. ఆ ముక్క కలపకుండా ఉంటే, చప్పుడు విన్నావా అన్నదానికి అది జవాబు చెప్పేదేమో. ఇంతవరకూ చెప్పలేదు.