గొర్రెల డాక్టరమ్మ జీపుకు రెండు పరీక్షలు

నేను రిటైరు కావడానికి ఆరేళ్ల ముందు, మే నెలలో, అనంతపురంలోని ఒక ప్రభుత్వ వర్క్‌షాపులో మొదటి గ్రేడు మెకానిక్‌గా పనిచేస్తున్నాను. నా పైన ఫోర్‌మన్, ఆయన పైన అసిస్టెంట్ ఇంజినీరు. జిల్లా ఆఫీసుల బండ్లు మరమ్మతుకు మా దగ్గరికి వచ్చేవి. దాదాపు అన్నీ డీజిలు బండ్లే. ఒక్కటి మాత్రం నాలుగు చక్రాలతో లాగే పాత పెట్రోలు జీపు. ముదిగుబ్బ వైపు గొర్రెల మందల దగ్గరికి పశువుల డాక్టరమ్మనూ, టీకాల ఐసు పెట్టెలనూ మోసుకుపోయేది అదే. వాగువంకల్లో ఇసుక, గుట్టల కింద రాళ్లు. మామూలు బండి అక్కడ కదలదు.

దాని డ్రైవరు ఓబులేసు. పన్నెండేళ్లుగా రోజుకూలి మీద ఉన్నాడు. పర్మనెంటు చేయబోయేవాళ్ల జాబితాలో ఆ ఏడాదే అతని పేరు ఎక్కింది. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక కాగితం వచ్చింది. లీటరుకు ఏడు కిలోమీటర్లు పోవాల్సిన జీపు రెండు నెలలుగా ఐదే పోతోందని లాగ్‌బుక్కు చెబుతోంది, పెట్రోలు ఏమైందో తేల్చడానికి ఇన్‌స్పెక్టరు వస్తారు, అని దాని సారాంశం. దొంగతనమని తేలితే జాబితాలోంచి పేరు పోతుంది. మళ్లీ జాబితా ఎప్పుడు వేస్తారో ఎవరికీ తెలియదు.

వర్క్‌షాపులో మాటలకేం తక్కువ. "ఏమప్పా ఓబులేసు, జీపుకు పోస్తాండావా, నీ మోటరుసైకిలుకు పోస్తాండావా?" అని టైర్ల షెడ్డువాళ్లు నవ్వేవాళ్లు. మొదట్లో అతనూ నవ్వాడు. మూడో రోజుకు నవ్వడం మానేసి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఒక్క చుక్క తీసినవాణ్ణి కాదు. నువ్వే ఏదో ఒకటి చేసి మైలేజీ తెప్పించల్ల."

బానెట్ ఎత్తాను. ప్లగ్గులు నల్లగా మసిబారి ఉన్నాయి. అంటే ఇంజిన్‌కు గాలికి మించి పెట్రోలు పోతోందని గుర్తు. అడిగితే చెప్పాడు. రెండు నెలల కిందట ఎండలో జీపు ఉడికి ఆగిపోతే, దారి పక్క మెకానిక్ ఒకడు బాగుచేశాడట. ఆ మహానుభావుడు కార్బరేటరు జెట్టును ఇనుప తీగతో పొడిచి శుభ్రం చేశాడు. జెట్టు అంటే పెట్రోలు కొలత ప్రకారం దిగే సన్నటి రంధ్రమున్న ఇత్తడి ముక్క. తీగ పెడితే ఆ రంధ్రం పెద్దదవుతుంది. దాన్ని నోటితో ఊదాలి, లేదా గాలి పెట్టాలి. అంతే.

ఆ మెకానికే థర్మోస్టాట్‌ను కూడా పీకేశాడు. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని మూత అది. మా ఎండలకు భయపడి మా వైపు చాలామంది దాన్ని తీసిపారేస్తారు. ఇంజిన్ మరీ చల్లగా తిరిగితే పెట్రోలు సరిగా మండదు, ఎక్కువ తాగుతుంది. ఇవి చాలవన్నట్టు, చల్లటి ఇంజిన్‌ను లేపడానికి గాలి తగ్గించి పెట్రోలు పెంచే చోక్ తీగ తుప్పుపట్టి, సగంలో బిగుసుకుపోయి ఉంది.

చివరగా ముందు చక్రాలు చూశాను. వాటి హబ్బుల మీద చేత్తో తిప్పే లాకులు ఉంటాయి. ఇసుకలో దిగినప్పుడు బిగించాలి, రోడ్డెక్కగానే విప్పాలి. విప్పకపోతే ముందు ఇరుసూ దాని గేర్లూ ఊరికే తిరుగుతూ బండికి బరువవుతాయి. రెండూ బిగించే ఉన్నాయి.

"ఇవెందుకు విప్పలేదురా?"

"రోజూ వంక దాటల్ల గదన్నా. దిగి తిప్పి, ఎక్కి, మళ్లా దిగి... నడుములు పోతాండాయి. అట్లే ఇడిసిపెట్టినా."

రెండు రోజులు పట్టి అన్నీ సరిచేశాను. కొత్త జెట్టు, చోక్ తీగ, థర్మోస్టాట్, ప్లగ్గులు వేశాను. లాకులు విప్పాను, టైర్లలో గాలి సరిచూశాను. చేసిన పని రాయాల్సిన జాబ్‌కార్డులో మాత్రం ఒకటే మాట రాశాను: "సర్వీసు చేసినాము." నేను బడికి పోయినవాణ్ణి కాను. గ్రేడు పరీక్ష కోసం ముప్పై ఎనిమిదో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. ఒక వాక్యం రాసేలోపల నాలుగు ప్లగ్గులు మార్చగలను. అందుకే రాతను ఎప్పుడూ తొందరగా వదిలించుకునేవాణ్ణి.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పరీక్ష పద్ధతి ఇది. బండి ట్యాంకు పైపు విప్పేసి, సరిగ్గా రెండు లీటర్లు కొలిచి పోసిన డబ్బాను అద్దం చట్రానికి కట్టి, దాని పైపును ఇంజిన్‌కు తగిలిస్తారు. మీటరు రాసుకుని, నలభై వేగంతో, బండి తానుగా ఆగేదాకా నడుపుతారు. రాప్తాడు దాటాక హైవే మీద మొదలుపెట్టాం. ఓబులేసు నడిపాడు, ఇన్‌స్పెక్టరు పక్కన, నేను వెనక. పదమూడు కిలోమీటర్లు దాటి, పద్నాలుగుకు కొద్దిగా తక్కువలో బండి ఆగింది. లీటరుకు ఏడు వచ్చినట్టే. ఓబులేసు దిగి బానెట్‌ను ముద్దు పెట్టుకున్నంత పని చేశాడు.

ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. పుస్తకం మూసి అడిగాడు. బండి ఏడు పోతోంది కదా, మరి రెండు నెలలు ఐదే పోయిందని రాసినప్పుడు మిగిలిన పెట్రోలు ఎక్కడికి పోయింది?

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. బండి అట్లాగే చెడి ఉంటే, పరీక్షలో ఐదే పోయి ఉండేది, డ్రైవరు బయటపడేవాడు. బాగుచేసి నేనే అతన్ని దొంగను చేశాను. ఇదంతా మొన్ననే సరిచేశామని చెప్పాను. జాబ్‌కార్డు చూపించమన్నాడు. చూపించాను. ఆ ఒక్క మాట చదివి, దీంట్లో ఏమీ లేదే అన్నాడు. ఓబులేసు నా వైపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వర్క్‌షాపుకు తిరిగొచ్చాక స్టోరుకు పోయాను. స్టోర్‌కీపరు మేరమ్మ గట్టి మనిషి. పాత సామాను అప్పగిస్తేగాని కొత్తది ఇవ్వదు. తెచ్చిన ప్రతిదానికీ బండి నంబరు, తేదీ ఉన్న చీటీ కడుతుంది. ఆ రూలును నేను వెయ్యిసార్లు తిట్టుకున్నాను.

"ఏం మేస్త్రీ, ఇప్పుడు కావల్సి వచ్చినానా? ఆ పొద్దు చీటీ రాయమంటే ముసలి ఎద్దు మాదిరి మూలిగితివే!" అంటూనే డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది. తుప్పుపట్టిన చోక్ తీగ, నల్లటి ప్లగ్గులు, జెట్టు అన్నీ చీటీలతో ఉన్నాయి. థర్మోస్టాట్ పాతది లేదు. కానీ దాని చీటీ మీద, ఆమె పట్టుబట్టి నాతో రాయించిన మాట ఉంది: "పాతది బండిలో లేదు." నా వంకర అక్షరాలే.

డబ్బా తీసుకుపోయి ఇన్‌స్పెక్టరు ముందు పెట్టాను. ఆయన స్టోరులోని కొత్త జెట్టునూ పాతదాన్నీ పక్కపక్కన పెట్టి వెలుతురుకెత్తి చూశాడు. రంధ్రం తేడా కంటికే కనిపించింది. అప్పుడు నేను అడిగాను: సార్, మీ ముందే ఈ పాతవన్నీ మళ్లీ బిగిస్తాను, ఇంకోసారి కొలవండి. ఇంజినీరు గారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఇన్‌స్పెక్టరు సరేనన్నాడు. చీటీ ఉన్న సామాను మాత్రమే వేయాలి, థర్మోస్టాట్ తీయాలి, లాకులు బిగించాలి, ఇంకేదీ ముట్టుకోకూడదు అని షరతు పెట్టాడు.

బాగున్న బండిని నా చేతులతో చెడగొట్టడానికి గంటన్నర పట్టింది.

మళ్లీ అదే రోడ్డు, అదే రెండు లీటర్లు. మెకానిక్‌గా బతికిన ఇన్నేళ్లలో బండి ఆగిపోవాలని కోరుకున్నది ఆ ఒక్క రోజే. ఎనిమిది దాటింది, తొమ్మిది దాటింది. పది దాటినా పోతూనే ఉంది. ఓబులేసు స్టీరింగు మీదికి వంగి, "ఆగవే తల్లీ, నీకు పుణ్యముంటాది, ఆగు" అని గొణుగుతున్నాడు. ఇన్‌స్పెక్టరు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికని నా అనుమానం. పదిన్నరకు కొంచెం ముందు ఇంజిన్ దగ్గి ఆగింది.

లీటరుకు ఐదు పైచిలుకు. లాగ్‌బుక్కు అంకెతో సరిపోయింది. ఇన్‌స్పెక్టరు అక్కడే, బానెట్ మీద కాగితం పెట్టి రాశాడు: లోపం బండిది, పెట్రోలు పక్కదారి పట్టలేదు. హబ్ లాకులు విప్పనందుకు డ్రైవరుకు హెచ్చరిక, జాబ్‌కార్డు సరిగా రాయనందుకు మెకానిక్‌కు మెమో. ఓబులేసు రోడ్డు పక్కన కూర్చుని, సీసాలో నీళ్లన్నీ తల మీద పోసుకున్నాడు. "అన్నా, ఇంక నువ్వు నాకు మేలు చేయొద్దప్పా" అన్నాడు. ముగ్గురం నవ్వాం. అప్పటికిగాని నాకు ఆకలి తెలియలేదు.

మరుసటి రోజు జీపును మళ్లీ బాగుచేశాను. రెండు నెలలకు ఓబులేసుకు పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చింది. నా మెమో నా సర్వీసు పుస్తకంలో ఉండిపోయింది. న్యాయమే.

పాత పెట్రోలు జీపు ఎక్కువ తాగుతోందని ఇప్పటికీ ఎవరైనా వస్తే, జెట్టు, చోక్, థర్మోస్టాట్, హబ్ లాకులు చూడమని చెబుతాను. అయితే బానెట్ ఎత్తిన చేత్తోనే పానా పట్టుకోవద్దంటాను. ముందు కలం పట్టుకుని, బండి వచ్చినప్పుడు ఏది ఎట్లా ఉందో రాయాలి. బాగుపడిన బండి తన పాత జబ్బుకు సాక్ష్యం చెప్పదు. అది మెకానిక్ రాయాల్సిన మాట, ఎంత ఆలస్యమైనా, అక్షరాలు ఎంత వంకరగా ఉన్నా.