ఒక కన్ను మూసి

వల్లూరు సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే ఒక అక్క, కడిగిన ప్రతి ప్యానెల్ ముందూ ఒక కన్ను మూసి, మెడ వాల్చి, అద్దంలోలా అందులో పడే నీడను చూసేది.

ప్యానెళ్లు తుడిచే యంత్రానికి నేను కంప్యూటర్‌లో వంపు మూత గీశాను. వంపు నునుపుగా ఉందో లేదో తెలియడానికి తెర మీద దానిపై నల్లచారలు పరిచి చూస్తాం. అవి విరగకూడదు. నావి విరగలేదు. తయారైన తొలి మూతను, నిగనిగలాడేదాన్ని, గర్వంగా ఆమె ముందు పెట్టాను.

ఒక కన్ను మూసింది. "నడుమ నీడ ఇరిగిండాదప్పా."

"కంప్యూటర్‌లో చూశానక్కా," అన్నాను, పెద్ద తెలిసినవాడిలా.

గదికెళ్లి చూస్తే నిజమే. సగం మూతే గీసి, దాన్నే తిప్పి రెండో సగంగా అతికించాను. చారలు చూసింది మాత్రం మొదటి సగం మీదే, రెండూ కలిసే నడుమ చూడనేలేదు.

మిగతా మూతల ఆర్డరు ఆపించి, ఆమె దగ్గర తప్పు ఒప్పుకున్నాను.

"దీనికి ఎన్నేండ్లు సదివినావప్పా?" అంది జాలిగా.

రెండేళ్లు తగ్గించి చెప్పాను.