అత్త పోసిన బార్లీ నీళ్ళు

బారులో అడుగు పెట్టనని నేను ఎప్పుడూ ఒట్టు పెట్టుకోలేదు. పెట్టుకోవలసిన అవసరమే రాలేదు. కొడవలూరు పక్కన మా పల్లెలో నాట్లు, కోతలు, వంట, తీరిక దొరికితే నాలుగు పేజీలు చదువుకోవడం, రెండు పేజీలు రాసుకోవడం. ఇట్లా అరవైకి దగ్గరపడిన మనిషిని బారుకు పిలిచేదెవరు? చివరికి పిలిచినవాడు మా అల్లుడు. పరాయివాడేం కాదు, మా అన్న కొడుకే. చిన్నప్పుడు వాడి ముక్కు తుడిచిన చేత్తోనే పెళ్ళిపీటల దగ్గర కాళ్ళు కడిగి నా కూతురినిచ్చాను.

వాళ్ళ కాపురం సూళ్ళూరుపేటలో. దగ్గరలోనే కొరియా వాళ్ళ ఫ్యాక్టరీలో అతనికి ఆఫీసు ఉద్యోగం. చేరిన కొత్తలో నెలకొకసారి కంపెనీ డిన్నరు అన్నాడు. తర్వాత అది వారానికొకసారి అయింది. ఈ మధ్య ఫ్యాక్టరీకి సెలవున్న రోజు కూడా డిన్నరుకు మాత్రం సెలవు లేదు. సాయంత్రం నా కూతురు ఫోన్ చేసి, "ఇయ్యాల కూడా డిన్నరంటమ్మా" అనేది. ఆ "అంట" దగ్గర గొంతు రవ్వంత జారేది. ఇద్దరికని వండి ఒక్కతే తింటోందని, కొన్ని రోజులు అదీ తినడం లేదని నాకు అర్థమయ్యేది.

నా భయానికి కారణం ఉంది. మా అన్న సారా తాగేవాడు. నేను వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళమంతా కలిసి అంగట్లోని సారా పాకెట్లను వీధిలోకి ఈడ్చి తగలబెట్టాం. అందరికంటే ముందు నడిచింది మా వదినే. ఆ తల్లి కడుపున పుట్టినవాడు గదా, తండ్రిని చూసి బుద్ధి తెచ్చుకుని ఉంటాడు గదా అని ధైర్యంగా పిల్లనిచ్చాను. బుద్ధి సంగతేమో గానీ తండ్రి వాటం మాత్రం తెచ్చుకున్నాడు. నా కూతురి కాపురం కూడా మా వదిన కాపురంలాగే అవుతుందేమోనని లోపల పీకుతూ ఉండేది.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేరుగానే అడిగాను. అతను తడబడలేదు సరికదా, నాకు పాఠం మొదలుపెట్టాడు.

"అత్తా, అది తాగుడు కాదు. మర్యాద. కొరియా వాళ్ళకాడ పెద్దవాళ్ళు పోస్తే కాదనకూడదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకోవాల. పెద్దవాళ్ళ ముందర మొహం పక్కకు తిప్పుకుని తాగాల. మా సార్ పోస్తాడు. వద్దంటే ఉద్యోగం ఉంటాదా?"

"మీ నాయన కూడా మొహం పక్కకు తిప్పుకునే తాగేవాడు నాయనా, గడ్డివామి పక్కకు."

"నీకు ఎగతాళిగా ఉండాది. ఒకసారి వచ్చి చూడత్తా, యెంత పద్ధతిగా ఉంటాదో."

ఉండటమా, పోవటమా అని ఆలోచించలేదు. చీరె మార్చుకుని, కూతురిని కూడా వెంటబెట్టుకుని బయల్దేరాను. శత్రువు కోట చూపిస్తానని శత్రువే పిలుస్తుంటే ఎవరు కాదంటారు?

తడ వైపు హైవే పక్కన, ఒకప్పుడు ధాన్యం లారీలు ఆగి టీ తాగే చోట ఉంది ఆ హోటలు. బోర్డు మీద కొరియా అక్షరాలు పెద్దవి, ఇంగ్లీషువి మధ్యరకం, తెలుగువి అన్నిటికంటే కింద, అద్దెకున్నవాళ్ళ పేరులాగ. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల చెప్పులు విడవమన్నారు. కరెంటు బిల్లుకు భయపడినట్టు అంతా మసక చీకటి. గోడ నిండా ఆకుపచ్చ మందు సీసాలు బొమ్మల కొలువు పెట్టినట్టు పేర్చారు. నేను అలవాటుగా దణ్ణం పెట్టబోయి చెయ్యి దించుకున్నాను.

కుర్చీలు లేవు. పొట్టి బల్ల, నేల మీద మెత్తలు. కింద కూర్చుని తినడం మోటు అని మా ఇళ్ళల్లో డైనింగు టేబుళ్ళు కొనింది ఈ తరమే. ఇప్పుడు పెట్రోలు పోసుకుని ఇంత దూరం వచ్చి, వరసలో నిలబడి, కింద కూర్చుంటున్నారు. నా మోకాళ్ళు రెండూ ఒకదానితో ఒకటి సంప్రదించుకుని ఎట్టకేలకు ముడుచుకున్నాయి.

వడ్డించే అమ్మాయి రాగానే మా అల్లుడు నడుము వంచి కొరియా భాషలో ఏదో పలకరించాడు. ఆ పిల్ల నవ్వి, "అన్నా, రోజూ చెప్తాను గదా, నాది మణిపూర్" అంది. నా వైపు తిరిగి, "అమ్మా, మంచినీళ్ళు కావాలా, బార్లీ నీళ్ళు కావాలా?" అని శుభ్రమైన తెలుగులో అడిగింది. ఆ "రోజూ" అన్న మాట నా కూతురు వింది. మెనూ కార్డు అటు ఇటు తిప్పుతూ కూర్చుంది.

మొదట చిన్న చిన్న గిన్నెలు వచ్చాయి. పిల్లలు గుజ్జనగూళ్ళు ఆడుకునేంత గిన్నెలు. ఒకదాంట్లో క్యాబేజీ ఊరగాయ, ఒకదాంట్లో ముల్లంగి, ఒకదాంట్లో మొలకలు. ఇంకొకదాంట్లో మన నెత్తళ్ళే! దొరవారిసత్రం సంతలో బుట్టలో పోసి అమ్మే ఎండు నెత్తళ్ళను పాకం పట్టి, పైన నువ్వులు చల్లారు. కళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నాయి. చేపలకు అరిసె మర్యాద జరగడం నేను ఎక్కడా చూడలేదు. తిని చూస్తే బాగానే ఉన్నాయి, ఆ సంగతి అక్కడ చెప్పలేదు.

తర్వాత మూతగిన్నెలో అన్నం. మూత తీస్తే ముద్ద. నెల్లూరు జిల్లా మనిషికి, మొలగొలుకుల బియ్యం పొడిపొడి అన్నం తిని పెరిగినదానికి, ఆ అన్నం పెట్టారు. మా అత్తగారి కాలంలో అన్నం అట్లా ముద్దయితే కోడలిని పుట్టింటికి పంపేవాళ్ళు. ఇక్కడేమో పుల్లలతో ఎత్తడానికి అట్లా ఉండాలట. ఆ పుల్లలు కూడా ఇనపవి. నేను చెంచా తీసుకున్నాను.

ఇక అసలు కథ. బల్ల మధ్యలో గుంట, గుంటలో నిప్పుల కుంపటి, పైనుంచి పొగ పీల్చే గొట్టం. పంది మాంసం నేను తిననని కోడి మాంసం చెప్పాడు. ఆ పిల్ల పచ్చి ముక్కలు, ఒక పట్టకారు, ఒక కత్తెర మా ముందర పెట్టి వెళ్ళిపోయింది.

"వండేదెవరు?" అన్నాను.

"మనమే అత్తా. అదే ఇక్కడ స్పెషలు."

జీవితంలో ఒక్క పూట పొయ్యి తప్పిందని సంబరపడ్డాను. కారెక్కించి తెచ్చి మళ్ళీ పొయ్యి ముందరే కూర్చోబెట్టాడు. పిలిచిన ఇంటివాళ్ళు పచ్చి మాంసం చేతికిచ్చి నువ్వే కాల్చుకో అంటే మా వైపు వియ్యాలు తెగిపోతాయి. మా అల్లుడు మాత్రం పట్టకారు పుచ్చుకుని, ముక్కలు తిప్పి, కత్తెరతో కత్తిరించి, బో నేర్పుగా చేశాడు. నా కూతురు ఆ చేతులనే చూస్తోంది.

"మన ఇంట్లో గ్యాసు ముట్టించేది కూడా తెలీదు గదా బావా నీకు" అంది.

"ఇది వేరు" అన్నాడు.

అంతలో ఆకుపచ్చ సీసా వచ్చింది. ఎవరూ అడగకుండానే, అతని ముందరికే వచ్చింది. పక్కన చిన్న గ్లాసు.

"సార్ లేడు గదా నాయనా. మరి పోసేదెవరు?"

"నీకు పద్ధతి చూపించడానికిలే అత్తా" అని మూత తిప్పబోయాడు. సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు మళ్ళీ తెరుచుకుని, ఫ్యాక్టరీ కోటు వేసుకున్న నెరిసిన తల మనిషి ఒక్కడే లోపలికి వచ్చాడు. మా అల్లుడు లేచిన ఊపుకు పుల్లలు ఎగిరి నిప్పుల్లో పడ్డాయి. ఆ వచ్చినవాడే సార్.

ఇన్నాళ్ళూ నా కూతురి అన్నం చల్లార్చిన మనిషి ఇతనా అని తేరిపార చూశాను. కొమ్ములు లేవు. సూపు తాగిపోదామని వచ్చాడట. నా కూతురు జరిగి చోటిస్తే వినయంగా కూర్చున్నాడు. కూర్చోగానే ఇంగ్లీషులో ఏదో అడిగాడు. మా అల్లుడు నసిగాడు.

"అత్తా, ఏమనుకోవద్దు. నీ వయసెంతని అడగతన్నాడు. వాళ్ళలో అది తెలుసుకోవాలంట."

చెప్పాను. ఆయనకంటే మూడేళ్ళు పెద్దదాన్నని తేలింది. అంతే, ఆయన కూర్చున్న చోటే వంగి నాకు నమస్కారం చేశాడు. సూపు వచ్చినా చెంచా ముట్టుకోకుండా చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తున్నాడు. మా అల్లుడూ అట్లాగే చూస్తున్నాడు.

"పెద్దవాళ్ళు మొదలుపెట్టేదాకా ఎవురూ తినకూడదమ్మా" అని నా కూతురు గుసగుసలాడింది.

మగవాళ్ళందరూ తిని లేచాక గిన్నెలో అడుగున ఉన్నది తినడం నాకు అలవాటు. ఇద్దరు మగవాళ్ళు ఆకలితో నా చెంచా కోసం కాచుకుని ఉండటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఉన్నమాట చెప్తున్నాను, నాకు భలే నచ్చింది. కావాలనే కొంచెం ఆలస్యం చేశాను కూడా.

ఆ పెద్దరికం తలకెక్కిందేమో, అప్పుడే నాకు ఉపాయం తోచింది. మా అల్లుడి చెయ్యి సీసా మీదికి పోయేలోపే నేను బార్లీ నీళ్ళ జగ్గు ఎత్తాను. మూత్రం మంటకు మా ఇంట్లో కాచుకునే నీళ్ళే, కాకపోతే గింజలు వేయించి కాచారు. అతని చిన్న గ్లాసు అంచుదాకా నింపాను.

"తీసుకో నాయనా. పెద్దవాళ్ళు పోస్తే కాదనకూడదని నువ్వే గదా చెప్పినావు."

సార్ ఎదురుగా ఉన్నాడు. అతనికి వేరే దారి లేదు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుని బార్లీ నీళ్ళు తాగాడు. వేపాకు కషాయం తాగించినా అంత మొహం పెట్టేవాడు కాదు. గ్లాసు దించగానే మళ్ళీ నింపాను. దించగానే మళ్ళీ. సీసా మూత తీయకుండానే బల్ల చివర నిలబడి ఉంది.

సార్ పకపక నవ్వి, తన గ్లాసు కూడా రెండు చేతులతో నా ముందర పట్టాడు. ఆయనకూ అవే నీళ్ళు పోశాను. ఆయన తాగి, గ్లాసు చూపిస్తూ, నిదానంగా, ముక్కలు ముక్కలుగా, ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. మా అల్లుడు అంతా విని, "మా పద్ధతులు మీకు బాగా తెలుసే అని మెచ్చుకుంటన్నాడత్తా" అన్నాడు.

అంత పొడుగు మాటకు అంత చిన్న తెలుగా అనుకుంటుండగానే నా కూతురు నోరు విప్పింది. పెళ్ళికి ముందు అది ఇంగ్లీషు మీడియం బడిలో పాఠాలు చెప్పింది. ఆ సంగతి దాని మొగుడు ఎప్పుడో మరిచిపోయాడు.

"ఆయన అన్నది అది కాదమ్మా. డాక్టర్ వద్దన్నాడని, ఈ ఊరొచ్చినకాణ్ణించి ఆయన మందే ముట్టలేదంట. ఈ నీళ్ళే తాగతాడంట. డిన్నరు నెలకొకసారేనంట, తాగమని ఎవురినీ అడగరంట. ఇంటికి పో, నీ భార్య కాచుకుని ఉంటాది అని బావకు శానాసార్లు చెప్పినాడంట. ఇయ్యాల మనల్ని తోడు తెచ్చుకున్నందుకు సంతోషం అంటన్నాడు."

కుంపటి మీద ముక్కలు మాడుతున్నాయి. తిప్పేవాళ్ళు లేరు. సార్ మా ముగ్గురి మొహాలు చూసి, ఏం జరిగిందో అర్థం గాక, మాడని ముక్కను వెతికి ఆకులో చుట్టి కిళ్ళీలాగ నా కూతురి పళ్ళెంలో పెట్టాడు. అది వంచిన తల ఎత్తకుండా తిన్నది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో, నిజం చెప్పొద్దూ, నేను లోలోపల మీసం మెలేస్తున్నాను. ఈ సంగతి వదినకు ఎట్లా చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపి నవ్వించాలి అని మాటలు పేర్చుకుంటున్నాను. దొంగ దొరికాడు, ఇంక పీడ వదిలిందన్న ధీమా.

ఇంటికొచ్చాం. నా కూతురు తాళం తీస్తూ, రోజూ అడిగే మాటే అడిగింది.

"రేపు లేటవుతాదా బావా?"

రోజూ దానికి సిద్ధంగా ఒక జవాబు ఉండేది. సార్ పిలిచినాడు, సార్ పోసినాడు, సార్ ఊరుకోడు. అతను ఒక బూటు విప్పి, రెండోది చేత్తో పట్టుకుని గడపలో నిలబడిపోయాడు. నేను మాటకు మాట వెయ్యడానికి కాచుకుని ఉన్నాను.

"నాకు తాగాలనిపిస్తాది" అన్నాడు. "రోజూ అనిపిస్తాది. సార్ కాదు, ఎవురూ కాదు. మానుకోవాలని బయల్దేరతా, అక్కడికే పోతా."

పొగరుగా అనలేదు. నా దగ్గర ఉన్న ఎత్తిపొడుపులన్నీ తండ్రుల మీద, సార్ల మీద, గ్లాసుల మీద. అతను లోపలికి వెళ్ళి పడుకున్నాడు. ఆ రోజు చుక్క ముట్టని మనిషి తూలుతూ వెళ్ళినట్టే వెళ్ళాడు.

నా కూతురు నాకు చాప పరిచి, దుప్పటి తెచ్చి, పక్కనే కూర్చుంది. అది సంతోషంగా ఉంటుందనుకున్నాను. కాపురం నిలబెట్టి వచ్చానని కదా నా లెక్క.

"రోజూ ఆ సార్‌ను తిట్టుకుంటా పడుకునేదాన్నమ్మా" అంది. "నోరారా తిట్టుకుంటే నిద్ర పట్టేది. ఇప్పుడెవురిని తిట్టుకునేది?"